వినడం సరే, వినిపించడం ఎలా?

"బటన్... బటన్... బటన్... లింక్... బటన్." బెజవాడ సత్యనారాయణపురంలో మా సంగీతం మాస్టారి వరండాలో లాప్‌టాప్ అరగంటగా ఇదే పాట పాడుతోంది. మాస్టారికి పుట్టుకతోనే చూపు లేదు. డెబ్బైకి దగ్గర పడ్డారు. తనకు వచ్చిన తత్వాలు, మేలుకొలుపులు, వాటి వెనకున్న కథలు వారానికొకటి చొప్పున పాడ్‌కాస్ట్‌గా పెట్టాలని ఆయన కోరిక. మొదటి భాగం ఆయనే రికార్డు చేశారు, ఆయనే కత్తిరించారు, ఎంపీ3 కూడా చేశారు. దాన్ని లోకం మీదికి వదిలే ఆఖరి మెట్టు దగ్గర, ఒక పాడ్‌కాస్ట్ హోస్టింగ్ సైటు ముందు ఇద్దరం కూలబడ్డాం. నాకు తెర మీద ముచ్చటైన బొమ్మలు కనిపిస్తున్నాయి: మేఘం, పెన్సిలు, చెత్తబుట్ట, మూడు చుక్కలు. ఆ బొమ్మలకు పేర్లు పెట్టడం సైటు రాసినవాళ్లు మరిచిపోయారు. పేరు లేని బటన్, తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ నోట ఉత్త "బటన్" అయిపోతుంది. "వీటిలో ఏది నొక్కితే ఎక్కుతుందో, ఏది నొక్కితే పోతుందో నాకెలా తెలుస్తుందయ్యా?" అన్నారు మాస్టారు.

ఆ ఒక్క మాట పట్టుకుని మూడు నెలలు తిరిగాను. చూపు లేని తెలుగు మనిషి పక్కవాడి సాయం లేకుండా పాడ్‌కాస్టో, వార్తల ఫీడో తెలుగులో ప్రచురించగలరా? ఏ సాఫ్ట్‌వేర్ చేయనిస్తుంది, ఏది గుమ్మంలోనే ఆపేస్తుంది? మాస్టారు తన అలవాటు కొద్దీ, నేను మానిటర్ ఆర్పేసి, మౌస్ సొరుగులో పడేసి, ఒక్కొక్క దారీ నడిచి చూశాం. నా నడక లెక్కలోది కాదు. కష్టమైతే నేను తెర వెలిగించుకోగలను. కాబట్టి ఇక్కడి తీర్పులన్నీ మాస్టారివనే అనుకోండి.

చెవితో లోకాన్ని అందుకోవడం బెజవాడకి కొత్త కాదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఉషశ్రీ భారత రామాయణాలు చెబుతుంటే డెల్టా ఊళ్లలో రేడియో ఉన్న అరుగు చుట్టూ జనం మూగేవాళ్లు. బాలమురళీకృష్ణ, రజనీకాంతరావు వంటివాళ్ల పుణ్యమా అని భక్తిరంజని వింటూనే ఇళ్లు తెల్లవారేవి. చూపు లేనివాళ్లకి ఆ పెట్టే పత్రిక, ఆ పెట్టే పుస్తకం, చాలామందికి ఆ పెట్టే బడి. అయితే మాట అటునుంచి ఇటే వచ్చేది. ఇటునుంచి అటు ఒక కార్డుముక్క పంపాలన్నా ఎవరో ఒకరిని బతిమాలి రాయించుకోవాల్సిందే.

ఫీడ్ వచ్చి ఆ లెక్క మార్చింది, కనీసం కాగితం మీద. 1902లో బందరులో కృష్ణాపత్రిక పెట్టినవాళ్లకి అచ్చుయంత్రం, అక్షరాలు పేర్చే మనుషులు, తపాలా, చందాదారులు అన్నీ కావలసి వచ్చాయి. ఫీడ్‌కి ఒక చిన్న అక్షరాల ఫైలు చాలు. శీర్షిక, తేదీ, నాలుగు ముక్కల వివరణ, ఆడియో ఉన్న చిరునామా అందులో వరసగా రాసి ఉంటాయి. చందాదారుడి ఫోను అప్పుడప్పుడూ వచ్చి, కొత్తది ఉందేమో చూసి పట్టుకుపోతుంది. 1999లో నెట్‌స్కేప్ వాళ్లు ఆర్‌ఎస్‌ఎస్ పేరుతో దీన్ని మొదలుపెట్టారు. 2000 చివర్లో డేవ్ వైనర్ అందులో 'ఎన్‌క్లోజర్' అనే తోక తగిలించి, వార్తతో పాటు ఆడియో ఫైలు కూడా మోసుకెళ్లేలా చేశారు. పాడ్‌కాస్ట్ అనే పేరు 2004లో పుట్టింది. తెలుగువాళ్లకి ఫీడ్ రుచి చూపింది మాత్రం బ్లాగుల సంకలినులు: కూడలి, జల్లెడ, హారం, మాలిక. పొద్దున్నే కూడలి తెరిచి కొత్త టపాలు చూసుకున్న తరానికి, తాము చదువుతున్నది ఫీడ్ అని తెలియకపోయినా అలవాటు దానిదే. ఇప్పుడు తెలుగులో చెవికి కొరత లేదు. కిరణ్‌ప్రభ ప్రసంగాలున్నాయి, హర్షణీయం ఉంది, దాసుభాషితం ఉంది, ఈమాట శబ్దతరంగాలున్నాయి. వినేవాడికి పండగే. మాస్టారు అడుగుతున్నది వేరు.

ముందు మంచి కబురు చెబుతాను. రికార్డింగు, కత్తిరింపు దగ్గర దారి దాదాపు చదునుగా ఉంది. విండోస్ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉంటే చాలు. దీన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరికీ చూపు లేదు. పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్. జాస్ లాంటి పాత స్క్రీన్ రీడర్ ధర మన మధ్యతరగతి ఇంటికి అందేది కాదు. దాని మీద ఆడాసిటీ, అదీ ఉచితమే. 'ఆర్' నొక్కితే రికార్డింగు, స్పేస్ నొక్కితే ఆగుతుంది. ఇంత తేలిక.

మాస్టారు దగ్గును ఎలా తీసేశారో చూసి నేను నోరెళ్లబెట్టాను. ఎవరైనా అలల బొమ్మ చూసి, ఎత్తుగా లేచినచోట మౌస్‌తో గీత గీస్తారు. ఆయన పాట నడుస్తుండగా దగ్గు వచ్చే క్షణానికి ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కారు, అయిపోగానే కుడి బ్రాకెట్ నొక్కారు. తర్వాత 'సి' నొక్కారు. కత్తిరించాక అతుకు ఎలా వినిపిస్తుందో ఆడాసిటీ ముందే వినిపిస్తుంది. అతుకు దగ్గర తాళం జారింది. ఆయన తల అడ్డంగా ఊపి, బ్రాకెట్లు కాస్త జరిపి, మళ్లీ 'సి'. మూడోసారికి డిలీట్. తాళం తప్పలేదు. కళ్లతో ఆ పని చేసే నేను ఎప్పుడూ అతుకు దగ్గర ఒక మాత్ర మింగేస్తాను. పని మరీ పెద్దదైతే రీపర్ ఉంది. దానికి ఒసారా అనే జోడింపు వేసుకుంటే ట్రాకులు, స్థాయులు అన్నీ మాటల్లో చెబుతుంది. ఆ ఒసారా వెనకా ఇదే జేమ్స్ టే. చూపు లేనివాళ్లు తమ కోసం రాసుకున్న సరుకులో ఆ తేడా తెలిసిపోతుంది.

ఇక ప్రచురణ. నడిచే దారులు మూడు: హోస్టింగ్ సైట్ల దారి, సొంత వర్డ్‌ప్రెస్ దారి, నోట్‌ప్యాడ్‌లో చేత్తో రాసుకునే దారి.

హోస్టింగ్ సైట్లు పైకి అన్నిటికంటే సుళువు. ఖాతా తెరువు, ఫైలు ఎక్కించు, ఫీడ్ వాళ్లే రాస్తారు. మేం నాలుగింటిని చూశాం. ఒకచోట ఖాతా తెరిచేటప్పుడే 'మీరు మనిషేనా' అనే పరీక్ష. బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు ఏరమంటుంది. ఆడియో పరీక్ష ఉంది, కానీ హోరులో ఇంగ్లీషు మాటలు పలికి టైపు చేయమంటుంది. మాస్టారికి కోర్టు జామీను దొరికినంత పనైంది. ఇంకోచోట ఫైలును లాక్కొచ్చి పెట్టెలో పడేయాలి. మౌస్ లేనివాడు ఎక్కడినుంచి లాగుతాడు? మూడోచోట అన్నీ బాగానే పలికాయి. 'ప్రచురించు' నొక్కాక తెర మీద మూలన చిన్న పట్టీలో 'శీర్షిక రాయలేదు' అని వచ్చి మూడు సెకన్లలో మాయమైంది. ఆ పట్టీని పలకమని స్క్రీన్ రీడర్‌కి ఎవరూ చెప్పలేదు. మాస్టారు పని అయిపోయిందనుకుని కాఫీకి లేచారు. నాలుగోది పనిచేసింది, అది నెలనెలా డబ్బు అడుగుతుంది.

పైగా ఇవి అద్దె ఇళ్లు. 2019లో స్పాటిఫై కొనుక్కున్న యాంకర్ అనే హోస్టింగ్ సైటుకి ఆ తర్వాత రెండుసార్లు పేరు మారింది. పేరు మారినప్పుడల్లా గదుల అమరికా మారుతుంది. కళ్లున్నవాడికి అది విసుగు. తలుపు ఎన్ని అడుగుల దూరమో లెక్కపెట్టి గుర్తుపెట్టుకున్నవాడికి మళ్లీ మొదటినుంచి పాఠం. ఫీడ్లు చదివిపెట్టే గూగుల్ రీడర్ 2013లో మూతపడింది, గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది. ఫీడ్ చిరునామా తమ చేతిలో ఉన్నవాళ్లు నష్టపోలేదు. అందుకే సైటు ఏదైనా, వెళ్లిపోయేటప్పుడు ఫీడ్‌ను కొత్త చిరునామాకు మళ్లించే సౌకర్యం ఇస్తుందా లేదా అన్నది ముందు అడగండి.

రెండో దారి వర్డ్‌ప్రెస్. దీనికి పవర్‌ప్రెస్, సీరియస్లీ సింపుల్ పాడ్‌కాస్టింగ్ అనే జోడింపులున్నాయి. టపా రాసి, ఆడియో చిరునామా ఒక గడిలో అతికిస్తే ఫీడ్ అదే తయారు చేసుకుంటుంది. నిర్వహణ పేజీల్లో శీర్షికలు వరసగా ఉంటాయి. 'హెచ్' నొక్కుకుంటూ గెంతవచ్చు. చిక్కు టపా రాసే గది దగ్గర వచ్చింది. 2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ ముక్కలు ముక్కలుగా పేర్చే గూటెన్‌బర్గ్ ఎడిటర్‌ను తెచ్చింది. దానికి రెండు నెలల ముందే, అందరికీ అందుబాటు చూసే యాక్సెసిబిలిటీ బృందాన్ని నడిపిన రియాన్ రీట్‌వెల్డ్ ఆ ఎడిటర్ తయారవుతున్న తీరు భరించలేక తప్పుకున్నారు. తర్వాత బయటివాళ్లతో చేయించిన తనిఖీలో 91 లోపాలు తేలాయి. అప్పటినుంచి చాలా బాగుచేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా మాస్టారు పది నిమిషాలు ముక్కల మధ్య తిరిగి, "ఇల్లు మంచిదే కానీ గోడలు కదులుతున్నాయయ్యా" అన్నారు. క్లాసిక్ ఎడిటర్ అనే పాత గదిని తిరిగి పెట్టాక నిమ్మళించారు. వరసగా గడులు, కింద ఒక బటన్, దాని మీద పేరు. యాక్సెసిబిలిటీ అంటే పెద్ద విద్య అనుకుంటాం గానీ అందులో ముప్పాతిక వంతు ఇదే. రెండు దశాబ్దాల కిందట డాన్ బ్రిక్లిన్ రాసిన లిస్ట్‌గార్డెన్ అనే ఫీడ్ ప్రోగ్రాం ఇలాగే ఉత్త ఫారాలతో ఉండేది. విజికాల్క్ సృష్టించిన ఇద్దరిలో ఒకరాయన. కొత్తవాటిలో సోకు ఎక్కువైంది.

మూడో దారి నాకు ముందు పిచ్చిపనిలా తోచింది. నోట్‌ప్యాడ్ తెరిచి ఫీడ్‌ను చేత్తో రాయడం. ఆడియోను ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు. ఫీడ్ ఫైలును గిట్‌హబ్ పేజీల వంటి ఏ ఉచిత జాగాలోనైనా ఉంచవచ్చు. స్క్రీన్ రీడర్‌కి నోట్‌ప్యాడ్ కంటే స్నేహితుడు లేడు. బొమ్మల్లేవు, మాయమయ్యే పట్టీల్లేవు, పైనుంచి కిందికి అక్షరాలే.

కాకపోతే ఆ అక్షరాలు వేదమంత్రాల్లాంటివి. స్వరం తప్పితే ఫలితం ఉండదు. తేదీ రాయడానికి ఒక పద్ధతి ఉంది: వారం పేరు మూడక్షరాలు ఇంగ్లీషులో, కామా, తేదీ, నెల మూడక్షరాలు, సంవత్సరం, గంటలు, చివర మన దేశ కాలానికి ప్లస్ 0530. 'సోమవారం' అని తెలుగులో రాస్తే ఒప్పుకోదు. ఎన్‌క్లోజర్‌లో ఫైలు ఎన్ని బైట్లో రాయాలి. అరగంట మాటను 64 కేబీపీఎస్ మోనోలో పెడితే సుమారు కోటీ 44 లక్షల బైట్లు. అది ఒకసారి లెక్క తెలిస్తే మాస్టారు నోటితోనే చెప్పేస్తున్నారు. మా మొదటి ఫీడ్‌ను చంపింది మాత్రం ఒక్క 'అండ్' గుర్తు. శీర్షికలో రెండు పేర్ల మధ్య ఇంగ్లీషువాళ్లు వేసే ఆ మెలిక ఫీడ్‌లో నేరుగా రాయకూడదు. దాని బదులు ఐదక్షరాల సంకేతం రాయాలి. ఎన్‌వీడీఏ మామూలుగా విరామచిహ్నాలన్నీ చదవదు. ఎన్‌వీడీఏ మీటతో 'పి' కలిపి నొక్కుకుంటూ 'అన్నీ' అనే స్థాయికి తెచ్చుకుంటే ప్రతి కోణం, ప్రతి కొక్కెం పలుకుతుంది. వినడానికి నరకం, తప్పు పట్టడానికి స్వర్గం. డబ్ల్యూ3సీ వాళ్ల ఫీడ్ తనిఖీ పేజీలో చిరునామా ఇస్తే తప్పు ఏ వరసలో ఉందో అంకెతో చెబుతుంది. నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్ 'జి' నొక్కి ఆ వరసకే దూకవచ్చు. పాత విండోస్ వాడేవాళ్లకి ఒక జాగ్రత్త: ఫైలు భద్రపరిచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి. లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

మొదటి భాగానికి రెండు సాయంత్రాలు పట్టింది. మూడోదానికి పన్నెండు నిమిషాలు. పాత ఫైలు తెరిచి, ఒక ముక్క నకలు చేసి, నాలుగు చోట్ల మార్చడమే కదా.

ఏ దారిలో వెళ్లినా కాపు కాసిన దొంగ ఒకడున్నాడు, ముఖచిత్రం. ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో చేరాలంటే చదరపు బొమ్మ కావాలి. 1400 పిక్సెళ్లకు తగ్గకూడదు, 3000కు మించకూడదు. చెవి కోసం పుట్టిన మాధ్యమంలోకి బొమ్మ లేనిదే ప్రవేశం లేదు. బొమ్మ తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో మాస్టారు ఒంటరిగా నడవగలిగింది ఒక్కటీ దొరకలేదు. కృత్రిమ మేధను అడిగితే వీణ బొమ్మ వేసింది. దాని మీద రాసిన తెలుగు ఏ భాషో దానికే తెలియాలి. ఆ అక్షరాలు తప్పని చెప్పడానికీ కళ్లున్నవాడే కావాలి.

అసలు తెలుగు సంగతి వేరే చెప్పాలి. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతులో తెలుగు ఉంది. ఇనుపరేకు మీద గులకరాళ్లు పోసినట్టుంటుంది. అలవాటైనవాళ్లు దాన్నే ఉరుకులు పెట్టిస్తారు. ఫోనులో గూగుల్ తెలుగు గొంతు ఇంకాస్త మనిషిలా పలుకుతుంది. మాస్టారి దృష్టిలో గొంతు చిన్న సమస్య. పెద్ద సమస్య బెజవాడలోనే పుట్టి పెరిగింది. ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేట, అరండల్‌పేటల్లో డీటీపీ కొట్లు, ప్రెస్సులు దశాబ్దాలుగా అనూ ఫాంట్ల మీద నడిచాయి. వాటిలో తెలుగు అక్షరం తెర మీద మాత్రమే తెలుగు. లోపల అది ఇంగ్లీషు కీల గందరగోళం. మాస్టారి తత్వాల మీద ఒక పాత వ్యాసాన్ని ఎపిసోడ్ వివరణలో పెడదామని డీటీపీ కొట్టునుంచి ఫైలు తెచ్చాను. ఎన్‌వీడీఏ చదివింది విని ఆయన, "ఇదేం రాక్షస భాష?" అన్నారు. ఒకప్పుడు పెద్ద పత్రికల సైట్లే సొంత ఫాంట్లలో ఉండేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున 'పద్మ' అనే జోడింపు రాశారు. సైట్లు మారాయి. కొట్లలో గుట్టలుగా పడున్న పాత ఫైళ్లు మారలేదు. తెలుగు పుస్తకాల్లో ఎంత భాగం చూపు లేనివాళ్లకి అందకుండా ఆ హార్డ్ డిస్కుల్లో ఉండిపోయిందో ఊహించుకోండి.

పాడ్‌కాస్ట్ లేకపోతే కొంప మునగదు అనేవాళ్లకి వార్తల ఫీడ్ సంగతి చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి బెజవాడలో సింగ్‌నగర్ వైపు మునిగిపోయింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అక్కడ మొదటి హెచ్చరిక 3.97 లక్షలకు, రెండోది 5.69 లక్షలకు ఇస్తారు. ఆ రోజుల్లో నా ఫోనుకు వచ్చిన ప్రకటనల్లో చాలావాటికి అక్షరాల్లేవు, ఉత్త బొమ్మలు. పడవ ఎక్కడికొస్తుంది, నీళ్ల ప్యాకెట్లు ఎక్కడిస్తారు, ఏ నెంబరుకు ఫోన్ చేయాలి, అంతా ఒక రంగుల చిత్రంలో, మీద నాయకుల ఫోటోలు. మాస్టారి ఫోను వాటిని చదివిన తీరు: "ఇమేజ్." ఆయన నాకు ఫోన్ చేసి, "ఇమేజ్‌లో ఏముందో చెప్పు" అని అడగాలి. నాకు సిగ్నల్ లేదు.

అదే సమాచారం ఫీడ్‌గా వస్తే? జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల 'సచేత్' వేదిక హెచ్చరికలను ఫీడ్ రూపంలోనూ ఇస్తోంది. అంటే సాంకేతికంగా కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. దాన్ని అందుకుని లంక గ్రామాల పేర్లతో, తెలుగులో, ఫోను చదివేలా మళ్లీ పంచే చెయ్యి కావాలి. ఆ చెయ్యి మాస్టారి వంటివారిది ఎందుకు కాకూడదు? పఠాన్‌కోట్ కేంద్రంగా రేడియో ఉడాన్‌ను చూపు లేనివాళ్లే నడుపుతున్నారు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌ను పదో తరగతి తర్వాత సైన్సు చదవనివ్వం అన్నారు. ఆయన పోరాడి చదివి, ఎంఐటీ దాకా వెళ్లొచ్చి, కంపెనీయే పెట్టారు. డెల్టాలో చూపు లేనివాళ్లకి తెలివి కొరత లేదు.

చట్టానికీ కొరత లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, ఆడియో, అచ్చు, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని విషయమంతా అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలంటుంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి కావాలని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమేనంది. తీర్పులు చదివితే ధైర్యం వస్తుంది. తర్వాత ఏదో ఒక సర్కారు పీడీఎఫ్ తెరిస్తే అది స్కాన్ చేసిన బొమ్మ.

ఒక మాట మాస్టారికీ వర్తిస్తుంది. ఆయన ఫీడ్ చెవిటివాళ్లకి అందదు. ఫీడ్‌లో లిఖితపాఠం జోడించే సౌకర్యం వచ్చింది గానీ, తెలుగు మాటను అక్షరం చేసే యంత్రాలు తత్వాల భాష దగ్గర తడబడుతున్నాయి. మేం ప్రయత్నించినదానిలో దిద్దడానికి పట్టిన సమయం రాయడానికి పట్టేదానికంటే ఎక్కువ. ఆ పని ఇంకా బాకీ ఉంది.

ఎవరైనా మొదలుపెడదామనుకుంటే మా సలహా ఇది. రికార్డింగుకు ఆడాసిటీ కళ్లు మూసుకుని తీసుకోండి. వారానికొకటి కంటే ఎక్కువ పెట్టేటట్టయితే సొంత వర్డ్‌ప్రెస్, అందులో పాత ఎడిటర్. నెలకు రెండు మూడైతే నోట్‌ప్యాడే మేలు. హోస్టింగ్ సైటుకు డబ్బు కట్టే ముందు మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ మీట ఒక్కదానితో ఒక ఎపిసోడ్ ఎక్కించి చూడండి. డీటీపీ కొట్లవాళ్లకు, వాట్సాప్‌లో ప్రకటనలు పంపే ఆఫీసులవాళ్లకు ఒక విన్నపం: బొమ్మ పంపండి, వద్దనం. కింద అదే సంగతి నాలుగు వరసలు యూనికోడ్‌లో టైపు చేసి పంపండి.

మాస్టారి పాడ్‌కాస్ట్ పదకొండో భాగానికి వచ్చింది. రికార్డింగు, కత్తిరింపు, ఫీడ్ అన్నీ ఆయనే చూసుకుంటున్నారు. ముఖచిత్రం మాత్రం నేను చేసిపెట్టిందే.